ఆరేళ్లు బీపీ చూశాను, నోరు చూడలేదు

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి, కమిషనర్ గారికి, జిల్లాల వైద్యాధికారులకు

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా తీరంలో ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్‌ఎంగా, అంటే పల్లె నర్సుగా, పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. మీ దగ్గర అర్జీ పెట్టుకోవలసిన సొంత పని నాకేమీ లేదు. పింఛను అందుతోంది, పిల్లలు ఎవరి బతుకు వాళ్లు బతుకుతున్నారు. కానీ ఒక మనిషి విషయంలో నేను చేసిన పొరపాటు ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వడం లేదు. అది నా ఒక్కదాని పొరపాటే అయితే నాలోనే దాచుకునేదాన్ని. కాదు కాబట్టి అందరూ చదివేలా రాస్తున్నాను.

ఆమె చేపలు అమ్ముకునేది. తెల్లవారుజామున ఒడ్డుకు పోయి, పడవల నుంచి దిగిన చేపను వేలం పాటలో కొనుక్కుని, తట్ట నెత్తిన పెట్టుకుని నాలుగు ఊళ్లు తిరిగి మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. నన్ను నర్సమ్మా అని పిలిచేది. నేను ఆమెను అప్పా అనేదాన్ని, మా వైపు అక్కను అలా పిలుస్తాం. ఆమెకు బీపీ ఉంది. నెలకోసారి సబ్ సెంటర్‌కు వచ్చి చేయి చాపి కూర్చునేది. పట్టీ చుట్టి, అంకె రాసుకుని, నెలకు సరిపడా మాత్రలు ఇచ్చి పంపేదాన్ని. ఇలా ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో ఎన్నిసార్లు ఆమె నా ఎదురుగా, మూరెడు దూరంలో కూర్చుందో లెక్కపెట్టలేను. ఒక్కసారి కూడా ‘అప్పా, నోరు తెరువు’ అని నేను అడగలేదు.

ఒక రోజు తనే చెప్పింది, గంజి తాగితే ముక్కులోంచి వస్తోందని. అప్పుడు టార్చి వేసి చూశాను. అంగిలికి చిల్లు పడి ఉంది.

ఆమె అడ్డపొగ తాగేది. మా వైపు కానివారి కోసం చెబుతున్నాను. చుట్టను నిప్పు ఉన్న కొస నోటి లోపలికి వచ్చేలా పెట్టుకుని పీల్చడాన్ని అడ్డపొగ అంటారు. చూసినవాళ్లు వింతగా చెప్పుకుంటారు కానీ ఆ ఆడవాళ్లకు దానిలో వింత లేదు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదు. తడిలో పనిచేస్తున్నా చుట్ట నానదు. బూడిద చంకలో బిడ్డ మీద పడదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. ఆకలి చస్తుంది. అమ్మ నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వచ్చిన అలవాటు అది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది అంగిలికి. ముందు అంగిలి తెల్లబారుతుంది, దాని మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. తర్వాత మచ్చలు గట్టిపడతాయి. కొందరిలో అక్కడే పుండు పడి మానకుండా ఉండిపోతుంది. ఇదంతా నెలల్లో జరిగేది కాదు, ఏళ్లు పడుతుంది. అంటే చూడటానికి మనకు ఏళ్ల తరబడి అవకాశం ఉంటుంది.

ఇది ఎవరికీ తెలియని సంగతి కాదు. డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్, ముంబయి టాటా పరిశోధన సంస్థలోని దంత పరిశోధకులు కలిసి మా శ్రీకాకుళం జిల్లా పల్లెల్లోనే 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. అడ్డపొగకూ అంగిలి మచ్చలకూ ఉన్న సంబంధాన్ని 1971లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్’లో ప్రచురించారు. యాభై ఏళ్లు దాటింది. నోటి వైద్యం చదివే పిల్లలు ప్రపంచమంతటా మా ఊళ్ల గురించి పాఠంలో చదువుతున్నారు. ఆ ఊళ్లలోనే మందుల పెట్టె పట్టుకుని తిరిగిన నాకు మాత్రం నా ఉద్యోగకాలంలో చాలా ఏళ్ల పాటు ఒక్క శిక్షణలోనూ ‘అంగిలి చూడు’ అని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది, నేను కాదనను. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్లు దాటిన ప్రతివారికీ బీపీ, షుగరుతో పాటు నోటి క్యాన్సర్‌కు, స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్ష జరగాలి. క్యాన్సర్ పరీక్షలు అయిదేళ్లకు ఒకసారైనా జరగాలి. మన రాష్ట్రంలోనూ ఇటీవలి సంవత్సరాలలో సిబ్బంది ఇంటింటికీ తిరుగుతున్నారు. నా తర్వాత వచ్చిన పిల్లలు ట్యాబు పట్టుకుని ఎండలో తిరగడం నేను చూస్తూనే ఉన్నాను. వాళ్ల కష్టాన్ని తక్కువ చేసే మాట ఒక్కటీ ఈ లేఖలో ఉండదు. అయితే కాగితం మీద ఉన్న పరీక్షకూ ఆ మనిషికి నిజంగా జరిగిన పరీక్షకూ మధ్య ఎంత దూరం ఉందో మీకు తెలియాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నామని చెప్పినవారు 1.9 శాతం. రొమ్ము పరీక్ష, నోటి పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం చొప్పున. మార్గదర్శకాలు వచ్చి అప్పటికి మూడేళ్లు దాటింది.

ఆ దూరం ఎక్కడ మొదలవుతుందో చెబుతాను. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఒక ఫారం నింపుతుంది. రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం వస్తోందా, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించిందా, భర్తతో కలిసిన తర్వాత రక్తం పడుతోందా, వాసనతో తెల్లబట్ట అవుతోందా అని అందులో ప్రశ్నలు ఉంటాయి. అన్నీ అడగవలసినవే. కానీ అవి అడిగేది ఎక్కడ? వీధి అరుగు మీద. పక్కన అత్తగారు బియ్యం ఏరుతూ ఉంటుంది, మరిది బండి తుడుచుకుంటూ ఉంటాడు. ఆ అమ్మాయి ఏం చెబుతుంది? ‘లేదు’ అంటుంది. ఒక్క క్షణంలో అన్ని గడుల్లోనూ ‘లేదు’ పడిపోతుంది. ఆ ‘లేదు’లన్నీ కలిసి పైకి వెళ్లి మీ ముందు స్క్రీన్ మీద ఆరోగ్యవంతమైన గ్రామంగా కనిపిస్తాయి. పొగాకు గురించిన ప్రశ్నా అంతే. సిగరెట్టు, బీడీ, గుట్కా, ఖైనీ అని అడిగితే మా ముసలమ్మలు నిజాయితీగానే లేదంటారు. చుట్టను వాళ్లు ఆ లెక్కలో వేయరు. ‘అమ్మా, అడ్డపొగ పెడతావా’ అని అడిగితేనే చెబుతారు. ఉత్తరాంధ్ర జిల్లాలకు ఇచ్చే ఫారంలో ఆ ఒక్క మాట చేర్చడానికి ఎంత ఖర్చవుతుంది?

ఇక గర్భసంచి సంగతి. ఇది చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది, క్షమించండి. 2015-16 సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు 9 శాతం మంది గర్భసంచి తీయించుకున్నవారు. దేశం మొత్తం మీద అది 3 శాతం చిల్లర. మన ఆడవాళ్ల శరీరాలకు ప్రత్యేకంగా ఏ శాపమూ లేదు. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పి అని వెళ్లిన మనిషికి ‘తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అని చెప్పారు. ముప్పై ఏళ్లకే, ముప్పై అయిదేళ్లకే తీసేశారు. ఏ పరీక్షా లేకుండా ఆపరేషన్ బల్ల ఎక్కిన వాళ్లను నేను పదుల సంఖ్యలో చూశాను. అంటే మా పల్లెలకు క్యాన్సర్ అనే మాట పరీక్షగా రాలేదు, బెదిరింపుగా వచ్చింది. ఈ రోజు మీ సిబ్బంది వెళ్లి ‘క్యాన్సర్ పరీక్ష చేస్తాం’ అంటే ఆ ఇంట్లో ముందుగా వినిపించేది ఆ పాత బెదిరింపే. గర్భసంచి తీసేశారు కాబట్టి ఇక ఏ క్యాన్సరూ రాదని నమ్ముతున్నవారు మరికొందరు. వాళ్లకు రొమ్ము ఉంది, నోరు ఉంది. కొందరికి ముఖద్వారం తీశారో ఉంచారో చెప్పే కాగితమూ లేదు.

ఆ బెదిరింపుకు విరుగుడు నిజమైన పరీక్షే. అది ఎంత చిన్నదో మా ఆడవాళ్లకు చూపించాలి. నోటి పరీక్షకు కావలసింది మంచి వెలుగు, రెండు నిమిషాలు. గర్భాశయ ముఖద్వారానికి పలుచటి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే, అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్లబడిన చోటు ఉంటే పెద్ద పరీక్షకు పంపుతారు. తెల్లబడినంత మాత్రాన అది క్యాన్సర్ కాదు. చాలామందిలో కాదు కూడా. ఈ మాట పరీక్షకు ముందే చెప్పాలి, తర్వాత కాదు. ఆ దశలో మచ్చ ఉంటే చాలావరకు గర్భసంచి ముట్టుకోకుండానే ఆ చోటును కాల్చి నయం చేయవచ్చు. ముంబయి మురికివాడల్లో 1998 నుంచి టాటా స్మారక ఆసుపత్రి వారు చేసిన పనిని గుర్తుచేస్తాను. పదో తరగతి చదివిన స్థానిక స్త్రీలకు నాలుగు వారాల శిక్షణ ఇచ్చి, రెండేళ్లకోసారి ఇదే పరీక్ష చేయించారు. ఆ బస్తీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. అక్కడే ఆరోగ్య కార్యకర్తలు చేత్తో చేసిన రొమ్ము పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. 50 ఏళ్లు దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గినట్టు తేలింది. కేరళలో తిరువనంతపురం జిల్లాలో కార్యకర్తలు నోరు చూసి పంపిన చోట, పొగాకో మద్యమో అలవాటు ఉన్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. ఈ మూడింటిలోనూ పరీక్ష చేసినవారు పెద్ద డాక్టర్లు కారు. నాలాంటి వాళ్లు.

అందుకే సబ్ సెంటర్‌లో ఏముందో వచ్చి చూడండి. నా సెంటర్‌లో చాలా కాలం బల్ల ఉండేది కానీ తెర లేదు. తెర వచ్చేసరికి లైటు పోయింది. ముఖద్వారం కనిపించేలా లోపల పెట్టే స్పెక్యులంలు ఎన్ని ఉంటే అంతమందినే చూడగలం, వాటిని మరిగించి శుద్ధి చేసుకోవాలి కదా. శిక్షణ ఒక రోజు హాలులో బొమ్మలు చూపించి ముగిస్తే చేతికి ధైర్యం రాదు. పక్కన అనుభవం ఉన్న నర్సు నిలబడి, కొందరిని చూపించి, కొందరిని చేయించి దిద్దితేనే వస్తుంది. పైగా 50 దాటిన స్త్రీలలో ఈ వెనిగర్ పరీక్ష అంత నమ్మకంగా తేల్చదు, చూడవలసిన భాగం లోపలికి వెళ్లిపోతుంది. వాళ్లకు హెచ్‌పీవీ పరీక్ష, అంటే ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ ఉందో లేదో చూసే పరీక్ష, మేలు. మహారాష్ట్ర ఉస్మానాబాద్ పల్లెల్లో ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్షతోనే ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లోనే తేలింది. ఆ పరీక్షకు నమూనాను స్త్రీ తనంతట తానే తీసి ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంగీకరించింది. స్నానాల గదిలోకి వెళ్లి తానే తీసుకుని వస్తే చాలు. ఎవరి ముందూ బట్ట తీయనక్కరలేదు. ఈ ఒక్క కారణానికే మా ఊళ్లలో వద్దన్న వాళ్లలో సగం మంది ఒప్పుకుంటారని నా నమ్మకం. టీబీ కోసం ఆసుపత్రులలో పెట్టిన ట్రూనాట్ యంత్రాల మీద నడిచే హెచ్‌పీవీ చిప్పులు మన దేశంలోనే తయారవుతున్నాయి. ముందుగా ఒక్క జిల్లాలో మొదలుపెట్టండి. మా జిల్లాలో మొదలుపెట్టండి.

వేళ గురించి కూడా చెప్పాలి. శిబిరం ఎప్పుడూ పొద్దున పదింటికే. ఆ సమయానికి చేపల ఆడవాళ్లు ఊళ్ల మీద ఉంటారు. పలాసలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లు కార్ఖానాలో ఉంటారు, వాళ్లకు కూలి ఒలిచిన దాన్ని బట్టి లెక్క. ఎండాకాలమైతే ఉపాధి పనికి వెళతారు. పదింటికి ఖాళీగా ఇంట్లో ఉండగలిగిన ఆడవాళ్లే శిబిరానికి వస్తారు. రావలసిన వాళ్లు రారు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా వారానికి ఒక్క రోజు సబ్ సెంటర్ తెరిచి ఉంచి, ఆ రోజుకు సిబ్బందికి పొద్దున సెలవు ఇవ్వండి. కార్ఖానా యజమానులతో మాట్లాడి, కూలి పోకుండా అక్కడే ఒక గదిలో చూడవచ్చు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న దగ్గరికి వస్తున్నాను.

మా అప్ప నోట్లో పుండు చూసిన రోజు నేను చేసింది ఒక్కటే. చీటీ రాసి పంపాను. మా భాషలో దాన్ని ‘రిఫర్ చేశాం’ అంటాం. ఆ మాట రిజిస్టరులో పడగానే నా పని అయిపోయినట్టు. పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, చూసి ఇంకో చీటీ రాశారు. పెద్ద ఆసుపత్రికి వెళితే ఆ రోజు చూడవలసిన డాక్టరు లేరు, గురువారం రమ్మన్నారు. గురువారం వెళితే పరీక్ష కోసం పుండు నుంచి చిన్న ముక్క తీశారు, దాన్నే బయాప్సీ అంటారు. రిపోర్టుకు పదిహేను రోజుల తర్వాత రమ్మన్నారు. పదిహేను రోజుల తర్వాత వెళితే ఇంకా రాలేదన్నారు. రిపోర్టు వచ్చాక విశాఖపట్నం వెళ్లమన్నారు. కొడుకులు ఇద్దరూ గుజరాత్‌లో, వేరావల్ రేవులో పడవల మీద. మా తీరంలో సగం ఇళ్ల కథ అదే. కోడలు నెలలు నిండి ఉంది. ఎవరు తీసుకెళ్లాలి? ఆసుపత్రి పేరు చదవడం రాని మనిషి, ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి ఏ బస్సు ఎక్కాలో తెలియని మనిషి. ‘ఇంక తిరగలేను నర్సమ్మా. తిరిగిన ప్రతి రోజూ తట్ట ఎత్తలేదు’ అంది. విశాఖ వెళ్లేసరికి, నేను చీటీ రాసిన రోజు నుంచి మూడు నెలలు దాటింది. అక్కడి డాక్టర్లు బాగానే చూశారు, వాళ్ల తప్పేమీ లేదు. చేయడానికి ఎక్కువ మిగలలేదు, అంతే. ఆ ఏడాది సంక్రాంతి ఆమె చూడలేదు.

రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా ఇప్పటికీ ‘రిఫర్ చేయబడింది’ అనే ఉంటుంది. మా సెంటర్ లెక్కలో ఆమె ఒక విజయం.

అయ్యా, మీరు ప్రతి సమీక్షలోనూ ఎంతమందిని చూశారు అని అడుగుతారు. లక్షల్లో చెబుతారు. దయచేసి ఇక మీదట ఇంకో ప్రశ్న అడగండి. అనుమానం కలిగినవారిలో ఎంతమందికి బయాప్సీ అయింది? ఎన్ని రోజులకు? క్యాన్సర్ అని తేలినవారిలో ఎంతమందికి చికిత్స మొదలైంది? ఆ అంకెలను ప్రతి పీహెచ్‌సీ గోడ మీద, నెలనెలా, అందరికీ కనిపించేలా రాయించండి. టీకాల లెక్క గోడ మీద రాయడం మాకు అలవాటే. మీరు ఏ అంకె అడిగితే కింది సిబ్బంది ఆ అంకె కోసం పరిగెడతారు. ఇది వాళ్ల మీద ఫిర్యాదు కాదు, ఉద్యోగం అలా నడుస్తుంది. నేను ముప్పై ఏళ్లు అలాగే నడిచాను.

మనిషిని తిప్పే బదులు ముక్కను తిప్పండి. నోటిలో అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీయడం దంత వైద్యులు చేయగల పనే, ఏరియా ఆసుపత్రులలో వారు ఉన్నారు. ఆ ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి ల్యాబుకు పంపితే మనిషి ఇంటి దగ్గరే ఉండవచ్చు. టీబీ కఫం నమూనాలు పల్లెల నుంచి అలా వెళుతూనే ఉన్నాయి కదా. రిపోర్టు ఫోనులో ఆ ఊరి ఏఎన్‌ఎంకు రావాలి. కాగితం కోసం ఆ మనిషి మళ్లీ బస్సు ఎక్కకూడదు.

తోడు వెళ్లే మనిషికి కూలి ఇవ్వండి. ఇది కొత్త ఆలోచన కాదు. 2005లో మొదలైన జననీ సురక్ష పథకం కింద, పురుడు కోసం గర్భిణితో ఆసుపత్రికి వెళ్లిన ఆశాకు డబ్బు ఇచ్చారు. ఇళ్లలో పురుళ్లు ఎలా తగ్గిపోయాయో నేను కళ్లారా చూశాను. అప్పటిదాకా నేను వందసార్లు చెప్పినా వినని అత్తగార్లు, ఆశా వచ్చి ‘పద, నేనూ వస్తున్నాను’ అనగానే కదిలారు. డబ్బు కంటే ఆ ‘నేనూ వస్తున్నాను’ పనిచేసింది. కానీ ఆ మాట అనగలగడానికి ఆశాకు ఆ రోజు కూలి కావాలి. క్యాన్సర్ అనుమానం ఉన్న మనిషి వెంట బయాప్సీకి ఒకసారి, చికిత్స మొదలయ్యే రోజు ఒకసారి వెళ్లినందుకు ఆశాకు ఎందుకు ఇవ్వకూడదు? టీబీ రోగికి పోషణ కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. నోట్లో పుండుతో గంజి తప్ప మింగలేని మనిషికి పోషణ అక్కరలేదా?

చికిత్సకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉందని మీరు అంటారు. ఉంది, అది లేకపోతే మా పల్లెల్లో ఎన్ని ఇళ్లు తాకట్టులోకి వెళ్లేవో. అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం ఇచ్చారు. ఆ నిర్ణయం మా ఆడవాళ్ల ఆరోగ్యానికి ఎంత మేలు చేయగలదో బహుశా మీరు కూడా పూర్తిగా ఊహించి ఉండరు. కానీ కార్డు పనిచేసేది ఇది క్యాన్సరే అని తేలాక. తేలేదాకా తిరిగిన తిరుగుడు, పోయిన కూలి, రాత్రి ఆసుపత్రి వరండాలో పడుకున్న పడక, ఇవేవీ ఏ కార్డులోకీ రావు. ఇచ్ఛాపురం నుంచి అగనంపూడి 200 కిలోమీటర్లు దాటుతుంది. బస్సు ఉచితమే, రోజు ఉచితం కాదు. మా మనుషులు ఆగిపోయేది సరిగ్గా ఆ మధ్యలోనే.

ఏజెన్సీ గురించి నాకు తక్కువ తెలుసు. రెండేళ్లు మాత్రమే సీతంపేట కొండల దిగువన పనిచేశాను. అయినా రెండు సంగతులు చెప్పాలి. అక్కడ పరీక్ష పెట్టవలసిన చోటు ఆసుపత్రి కాదు, సంత. కొండ మీది ఊళ్ల ఆడవాళ్లందరూ వారానికి ఒకసారి తప్పకుండా దిగేది అక్కడికే. వాళ్లకు వాళ్ల భాషలో చెప్పాలి. మన గిడుగు రామమూర్తి గారు వందేళ్లకు పైగా క్రితమే సవరల భాష నేర్చుకుని, వాళ్ల భాషలోనే పాఠాలు రాసి చదువు చెప్పించారు. ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న ప్రభుత్వం, ‘నోట్లో పుండు రెండు వారాలు మానకపోతే చూపించుకో’ అనే ఒక్క మాటను సవరలోకి తెచ్చి వినిపించలేదా?

రెండోది నమ్మకం. 2009లో, ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో భద్రాచలం వైపు ఆడపిల్లలకు పరిశోధన పేరుతో హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలు. తల్లిదండ్రులు చేయవలసిన సంతకాలు వార్డెన్లు చేశారని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. ఆ తర్వాత సంభవించిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. అది మంచి టీకా, వేయించవలసిన టీకా. కానీ అడగకుండా వేశారన్న మాట అక్కడి గూడేలలో ఇంకా ఉంది. గిరిజనులకు ఏమీ తెలియదు, నచ్చజెబితే చాలు అనుకునే అధికారులను నేను చూశాను. వాళ్లకు తెలుసు, అడగలేదని తెలుసు. కాబట్టి పరీక్షయినా టీకా అయినా, ఏం చేస్తున్నారో, ఎందుకో, వద్దనవచ్చో లేదో ముందు చెప్పండి. ‘వద్దు’ అన్నవారి మీద రేషనో పింఛనో ఆగిపోతుందన్న భయం పెట్టకండి. ఆ భయం ఎవరు ఎలా పెడతారో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మా జిల్లా ఎంత కాలం మొత్తుకుందో మీకు గుర్తుండే ఉంటుంది. చివరికి పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. ఇప్పుడు ఆ ఊళ్లలో చదువురాని ముసలివాళ్లు కూడా ‘క్రియాటిన్ ఎంత వచ్చింది’ అని అడుగుతారు. ఒక పరీక్ష పేరు ఊరి నాలుక మీదికి ఎక్కడం అంటే అదీ. దానికి ముందు ఎన్ని చావులు అవసరమయ్యాయో కూడా మాకు గుర్తుంది. అంగిలి విషయంలో 1971 నుంచి మన దగ్గర కాగితం ఉంది. మళ్లీ అన్ని చావులు చూడనక్కరలేదు.

మా అప్పకు ఒక కూతురు. నలభై దాటింది. తల్లి తట్టే ఇప్పుడు ఆమె నెత్తి మీద ఉంది, తల్లి చుట్టే ఆమె నోట్లో ఉంది. మానమని ఎన్నోసార్లు చెప్పాను, రోజుకు నాలుగు నుంచి ఒకటికి తగ్గించింది. పోయిన నెల మా ఇంటికి చేప ఇవ్వడానికి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి నోరు తెరిపించాను. అంగిలి మీద వేలిగోరంత తెల్లటి మచ్చ, అంచున ఎర్రగా ఉంది. నొప్పి లేదంది. పీహెచ్‌సీలో చీటీ రాశారు. గురువారం పొద్దున అయిదున్నర బస్సుకు ఆమె వెంట నేను వెళుతున్నాను. ముక్క ఏ రోజు తీశారో, రిపోర్టు ఏ రోజు వచ్చిందో తేదీలు రాసి మీకే పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్‌ఎం,
శ్రీకాకుళం జిల్లా